ఈదురుగాలిలో సైకిలు



అండమాను దీవులలోని తుష్నాబాదు అను పల్లెనుండి ఒకడు వచ్చి, చలిని గూర్చియు, ఆ చలిలోను గాలిలోను సైకిలు త్రొక్కుటను గూర్చియు ప్రసంగించునట యని వినగానే, విశాఖ మన్యమున లంబసింగిలో పొయ్యిచుట్టు చేరి చేతులు కాచుకొనువారును, ఆదిలాబాదు ప్రాంతమున డిసెంబరు తెల్లవారుజామున సైకిలు హ్యాండిలునకు పాలక్యానులు తగిలించుకొని మంచులో బయలుదేరువారును నవ్వక మానరు. వారి నవ్వు న్యాయమైనదే. లంబసింగిలో కొన్ని యేండ్లు ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగును. ఆదిలాబాదు పల్లెలలో 3, 4 డిగ్రీలు కనబడిన ఉదయములు కలవు. మా పోర్టు బ్లెయరు, అనగా 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న మా రాజధాని, అచ్చటి వాతావరణ పట్టికను సంవత్సరము పొడవునను తిరుగవేసినను, పగటివేడి 30 డిగ్రీలకు కొంచెము ఇటునటు, రాత్రివేడి 23కు కొంచెము ఇటునటు తప్ప వేరొక అంకె కనబడుట అరుదు. మా అంగళ్లలో కంబళి కొనువాడు ప్రాయికముగా ప్రధాన భూభాగమునకు ప్రయాణమైనవాడే.

అయినను చలి మాకును తెలియును. ఉష్ణమాపకమున పాదరసము ఎంత మట్టమున నిలిచినదో చూచి చలిని కొలుచువారు చలిలో సగమునే కొలుచుచున్నారని నా అభిప్రాయము. తడి, గాలి, వేగము అను మూడును కలిసి దేహమునుండి వేడిని ఎంత త్వరగా దోచుకొనిపోవునో అంత చలి. ఈ మూడింటిలో మొదటి రెండును ప్రకృతి పంపును. మూడవదానిని సైకిలు త్రొక్కువాడు తన కాళ్లతో తానే కల్పించుకొనును. బస్సులో కూర్చున్నవానికి గాజుపలక అడ్డు. నడచువానికి వేగము లేదు. స్కూటరువానికి వేగమున్నను చెమట లేదు. ఆరుబయట చెమటయు, వేగమును, గాలియు, వానయు ఏకకాలమున అనుభవించు ప్రయాణికుడు ఒక్క సైకిలువాడే గనుక, ఉష్ణదేశములో సహితము చలిని వెదకి పట్టుకొనగల శక్తి అతనికే కలదు.

తుష్నాబాదు దక్షిణ అండమానులో ఫెరర్‌గంజ్ తహసీలునకు చేరిన గ్రామము. 1923 మొదలు 1931 వరకు ఈ దీవులకు చీఫ్ కమీషనరుగా నుండిన కర్నల్ ఫెరర్ పేరు ఫెరర్‌గంజ్‌కు నిలిచినది. ఖైదీల రాజ్యము నేలుచునే ఆ దొర తీరిక వేళల అడవులలో తిరిగి సీతాకోకచిలుకలను సేకరించెడివాడు. మా చుట్టుపట్ల పల్లములలో వరిచేలు, మెరకలలో పోకతోటలు, కొబ్బరితోటలు, వాని వెనుక ఎడతెగని అడవి. ఉత్తరముగా పోయినచో జిర్కటాంగ్ వచ్చును. అచ్చటినుండి జారవా ఆదివాసుల రక్షితప్రాంతము గనుక వాహనములు నియమిత వేళల, కాపలాతో, ఒక్క బారుగా కదలవలసినదే గాని ఒంటరిగా ఎవరి ఇష్టము వారిది కాదు. పడమట సముద్రము. ఆ సముద్రమునకు ఆవలి ఒడ్డు తమిళ దేశపు తీరము. నడుమ వేయికి పైగా కిలోమీటర్ల నీరు తప్ప గాలిని నిలుపు గుట్టగాని, గోడగాని, చెట్టుగాని లేదు.

ఇచ్చట తెలుగువాడేమి చేయుచున్నాడని కొందరికి సందేహము కలుగవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వంగభాష, హిందీ, తమిళముల తరువాతి స్థానము మనదే. సిక్కోలు సీమనుండియు, విశాఖపట్నపు తీరమునుండియు వలలు, తట్టలు, తాపీలు పట్టుకొని వచ్చినవారి సంతానము ఇచ్చటనే బడులకు పోయి, ఇచ్చటనే ఉద్యోగములు చేసి, ఇచ్చటి మట్టినే తమదనుకొని నిలిచిపోయినది. విశాఖనుండి మాకు సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో రెండు దినములకు పైబడిన ప్రయాణము. ఆ ఓడలోనే బియ్యము, సిమెంటు, ఉల్లిపాయలు వచ్చినట్లు సైకిళ్లును వచ్చినవి. 1949లో మద్రాసులో వెలసిన కర్మాగారపు హెర్క్యులీసులు, పంజాబునుండి హీరోలు, సోనీపట్టునుండి అట్లాసులు. అప్పటి నల్లని ఇనుప సైకిలు సుమారు 20 కిలోల బరువు. దానికి గేరులు లేవు. చక్రమును పట్టి నిలుపుటకు తీగలకు బదులు కడ్డీల బ్రేకు. కొండలు పల్లములు గల దక్షిణ అండమానునకు అది ఏ విధముగను తగిన వాహనము కాదు. అయినను అదియే వచ్చినది, అదియే నిలిచినది. నేటికిని పోకతోటల నడుమ ఏ పాకకైనను ఆనుకొని ఒకటి కనబడుచునే యుండును.

ఇక చలి సంగతి. కేరళ తీరమును జూన్ 1 ప్రాంతమున తాకు నైరుతి ఋతుపవనము అంతకు పదిదినములు ముందుగనే అండమాను సముద్రమున అడుగిడును. అది మొదలు అక్టోబరు వెళ్లువరకు పడమటి గాలి. ఆపైన ఈశాన్యపు గాలి. సాలునకు మాకు కురియు వర్షము సుమారు 3000 మిల్లీమీటర్లు. అనంతపురమువారు అయిదారేండ్లలో చూచు వానను మేము ఒక్క యేట చూతుము. వాన కురియుచుండగా గాలివేడి 24, 25 డిగ్రీలకు దిగును. ఈ అంకె విని ఎవరును దుప్పటి వెదకరు. కాని సైకిలుపై మిట్ట ఎక్కువాని సంగతి ఆలోచింపుడు. ఇరువది కిలోల ఇనుమును, తన దేహమును, వెనుక క్యారియరుపై కట్టిన సంచిని మోసికొని, ఆసనమునుండి లేచి నిలువుగా నిలిచి, ఒక్కొక్క పెడలును బరువుతో అణచుచు అతడు పైకి పోవును. వాన వెలుపలినుండి తడుపును, చెమట లోపలినుండి తడుపును. శిఖరమున చేరునప్పటికి దేహము కాగుచుండును. వాన హితముగా తోచును. ఇంతకన్న సుఖమైన వాతావరణము భూలోకమున లేదనిపించును. అంతలో దారి క్రిందికి వంగును. కాళ్లకు పని లేదు. వేగము హెచ్చును. గాలి తడిచొక్కాను ఛాతీకి అంటించి, రెండు ప్రక్కలనుండి చీల్చుకొని పోవును. ఒక్క నిమిషములో వేళ్లు బిగుసుకొనును. రెండవ నిమిషమున దవడలు తమంతట తామే కొట్టుకొనును. పల్లము చేరునప్పటికి, బ్రేకు పట్టవలసిన చేయి తన చేయియో పరుల చేయియో తెలియదు. 25 డిగ్రీల వేడిలో వణకుచున్న ఆ మనిషిని చూచి, గుడారములో టీ కాచువాడు జ్వరమేమో యని అడుగును.

ఇది జ్వరము కాదు, భౌతికశాస్త్రము. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది తానున్న చోటినుండియే తీసికొనును. ఒక గ్రాము నీరు చర్మముపైనుండి ఆవిరియై పోవుచు సుమారు 580 కేలరీల వేడిని వెంటగొనిపోవును. అనగా అరకిలోకు మించిన నీటిని ఒక డిగ్రీ చల్లబరుపగల వేడి. వేసవిలో మట్టికుండ నీటిని చల్లబరచునది ఈ ఉపాయముననే. మిట్ట దిగు సైకిలువాడు ఆ క్షణమున గాలిలో వ్రేలాడదీసిన కుండ. గాలి లేనప్పుడు దేహముచుట్టు వెచ్చని తేమగాలి పొర యొకటి నిలిచియుండి కొంత రక్ష నిచ్చును. గాలి వీచినప్పుడు ఆ పొర క్షణక్షణము చెరిగిపోవును. వైద్యులు చెప్పు శీతలదేహస్థితి, అనగా దేహపు లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు జారుట, మంచుకొండలలోనే కలుగవలెనను నియమము లేదు. తడిసి, అలసి, ఆకలిగొని, గాలిలో నిలిచినవానికి అది సున్నకు ఎంతయో ఎగువనే కలుగవచ్చును.

గాలిచేత పెరుగు చలిని కొలుచుటకు మొదట పూనుకొన్నవారు అమెరికా దేశస్థులైన పాల్ సైపుల్, ఛార్లెస్ పాసెల్ అను ఇరువురు. వారు 1941లో అంటార్కిటికాలో ఒక చిన్న స్తంభాకారపు పాత్రలో నీరుపోసి గాలికి కట్టి, అది గడ్డకట్టుటకు ఎంతసేపు పట్టునో చూచి, ఆ లెక్కలను 1945లో ప్రకటించిరి. ఆ లెక్కలనే సవరించి అమెరికా, కెనడా ప్రభుత్వములు 2001లో క్రొత్త సూత్రము నేర్పరచినవి. ఆ సూత్రము 10 డిగ్రీలకు పైబడిన వేడికి వర్తింపదు. కావున ఆ పట్టికలో తుష్నాబాదునకు వరుసయే లేదు. శాస్త్రజ్ఞులను నేను తప్పుపట్టను. వారికి గడ్డకట్టు ముక్కులు, చెవులు ముఖ్యము. కాని తడిచొక్కాకు వేరొక పట్టిక ఉండవలెనని మిట్ట దిగు ప్రతిసారియు నాకు తోచును.

చలికన్న గాలి జాణ. చలి అందరిని సమముగా చూచును. గాలి సైకిలువానినే ఎంచుకొని పరీక్షించును. వాయునిరోధము వేగముతో పాటు సమముగా పెరుగక, ఆ వేగపు వర్గముగా పెరుగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున నిశ్చలమైన గాలిలో పోవువానికి ఎదురుగా మరొక 15 కిలోమీటర్ల గాలి వీచినచో, అతని ముఖమునకు తగులునది 30 కిలోమీటర్ల గాలి; దాని త్రోపు రెండింతలు కాదు, నాలుగింతలు. అదే వేగమును నిలుపవలెనన్నచో గాలికి చెల్లింపవలసిన శ్రమయు నాలుగింతలే. ఎవడును నిలుపలేడు. కావుననే చదునైన దారిలో సైతము మనిషి హ్యాండిలుపై వంగి, తల దించి, చక్రము ముందటి రెండు గజముల నేలను మాత్రమే లోకమని భావించి, నడచువానికంటె కొంచెము త్వరగా కదలుచుండును.

పోవునప్పుడు ఎదురుగాలి యైనచో వచ్చునప్పుడు తోడుగాలి యగును గదా, రెండును సరిపోవును గదా యని లెక్కల పంతుళ్లు సహితము అనుచుందురు. సరిపోదు. పది కిలోమీటర్ల దూరమునకు పోయిరావలెననుకొందము. గాలి లేనప్పుడు గంటకు 15 కిలోమీటర్ల చొప్పున రెండు వైపులకు 80 నిమిషములు. గాలి వీచిన దినమున పోవుట గంటకు 10, వచ్చుట 20 అయినచో, పోవుటకు 60 నిమిషములు, వచ్చుటకు 30, వెరసి 90. ఎదురుగాలి తిన్న కాలమును తోడుగాలి పూర్తిగా తిరిగి ఈయదు. ఏలనన ఎదురుగాలిలో మనము ఎక్కువసేపు ఉందుము, తోడుగాలిలో కొంచెముసేపే ఉందుము. కష్టము నిలిచినంతసేపు సుఖము నిలువదను మన పెద్దల నిట్టూర్పునకు గణితశాస్త్రము ఈ మాత్రము సాక్ష్యము పలుకుచున్నది. తెలిసినవాడు చేయగలిగినది ఒక్కటే: ఇంటినుండి బయలుదేరునప్పుడు, దేహమున సత్తువయు చొక్కాయందు పొడియు ఉన్నప్పుడే, గాలికి ఎదురుగా పోవలెను, చెమటతో తడిసి అలసిన పిదప గాలిని వీపుమీద పెట్టుకొని మరలవలెను. దీనికి విరుద్ధముగా, తోడుగాలి తన బలమేయని మురిసి దూరముగా పోయి, సాయంకాలమున దానినే ఎదుర్కొనుచు చీకటిలో వచ్చువారు మా దారులలో అప్పుడప్పుడు కనబడుదురు.

చీకటి యనగా జ్ఞాపకము వచ్చినది. భారతదేశపు గడియారము 82½ డిగ్రీల రేఖాంశమున నిలిచినది. మేము దానికి తూర్పున పది డిగ్రీల దూరమున ఉన్నాము. గడియారము చెప్పుదానికంటె మా సూర్యుడు సుమారు 40 నిమిషములు ముందు నడచును. డిసెంబరులో సాయంకాలము అయిదు గంటలకే పొద్దు క్రుంకును. ఆఫీసు వదలువేళకు రాత్రి. అందుచేత చలికాలపు సైకిలువానికి మూడవ శత్రువు చీకటి. మునుపటి డైనమో దీపము చక్రమునకు రాపిడి తగిలి వెలుగును. ఎదురుగాలిలో వేగము తగ్గినకొలది దీపమును మందగించును. దారి సరిగా కనబడవలసిన చోటనే కనబడదు. ఇప్పటి బ్యాటరీ దీపములకు ఈ లోపము లేదు. ఈ యొక్క విషయమున పాతకాలమును పొగడువారితో నాకు పొత్తు లేదు.

మా గాలులలో కొన్ని ఇచ్చట ఆగునవి కావు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో అండమాను సముద్రమున పుట్టు అల్పపీడనములు మమ్ము దాటి పడమరగా, వాయవ్యముగా నడచి, మన తెలుగు తీరమును వెదకికొని పోవును. 2013 నవంబరు 25న లెహర్ తుపాను పోర్టు బ్లెయరు చెంత దీవులను దాటినది. అది నడిసముద్రమున బలము కోల్పోయి 28న మచిలీపట్నము వద్ద వట్టి వాయుగుండముగా తీరము చేరినది. మరుసటి యేడు హుద్‌హుద్ అట్లు చేయలేదు. 2014 అక్టోబరు 8 ఉదయమున అది మా లాంగ్ ఐలండును దాటునప్పటికి సామాన్యమైన తుపాను. నాలుగు దినములు సముద్రముమీద బలసి, 12వ తేదీన విశాఖపట్నముమీద విరుచుకుపడినది. ఆ నగరమున పడిన చెట్లకు లెక్క లేదు. ఆ నాలుగు దినములును మా తెలుగిండ్లలో టెలిఫోను వద్ద ఒక్కటే మాట: "అక్కా, మా మీంచి దాటీసింది. ఇంక మీ వేపే వస్తంది. రేకులవీ సూసుకోండి." ఆవలినుండి, "మీకెలాగుందిరా? ఆ సైకిలేసుకొని గాల్లో తిరక్కు," అని జవాబు. తాము కూలబోవు కొంపలో నిలిచియుండి, తమ్ముని సైకిలును గూర్చి ఆదుర్దా పడుట మన అక్కలకే చెల్లును.

ఆ అక్కల మాట వినుటయే మంచిదని నా సలహా. తుపాను హెచ్చరిక ఉన్న దినమున సైకిలు తీయుట సాహసము కాదు, అవివేకము. పోకచెట్టు సన్నని కాండము, లోతు తక్కువ వేరు. గాలిలో ఎప్పుడు పడునో దానికే తెలియదు. మామూలు ఈదురుగాలి దినములలో సైతము ప్రక్కగాలిని కనిపెట్టి యుండవలెను. తోట చాటున పోవునంతసేపు గాలి తగులదు. దేహము గాలివైపునకు వాలదు. తోట ముగిసి ఖాళీచేను రాగానే ఒక్క త్రోపు. అట్టి చోట ముందుగనే వేగము తగ్గించి, మోచేతులను వదులుగా ఉంచి, రోడ్డు అంచునుండి మూరెడు లోపలికి జరిగి పోవుట తెలిసినవారి పద్ధతి. బిగపట్టినవాడే పడును.

తడిసిన చక్రపు అంచుమీద రబ్బరు బ్రేకు పొడినాటివలె పనిచేయదు. మిట్ట దిగుటకు ముందే రెండు మూడు మార్లు మెల్లగా బ్రేకు తాకించి, అంచుమీది నీటిని తుడిచివేయవలెను. ఆపవలసిన చోటికి వచ్చిన తరువాత పట్టినచో బ్రేకు ముందు నీటిని తుడిచి, పిమ్మట బండిని ఆపును. ఆ నడుమ దూరములో ఒక ఆవు అడ్డము వచ్చుటకు కావలసినంత వ్యవధి కలదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉండును గనుక గొలుసు, పుల్లలు, మరలు వేగమే తుప్పుపట్టును. మా దీవులలో చవకగా దొరకునది గదా యని గొలుసునకు కొబ్బరినూనె పోయువారు కలరు. అది దుమ్మును పట్టి, జిగురై, తుదకు గొలుసును కొరికివేయును. కుట్టుమిషను నూనె చుక్కలు నాలుగు, పాతగుడ్డతో తుడుపు, ఇవి చాలును. వానకోటు గాలికి తెరచాప యగును; దాని అంచులను నడుముకు బిగించి కట్టనివాడు ఎదురుగాలితో రెండు మార్లు పోరాడును. ఇక ఒక చేత గొడుగు, ఒక చేత హ్యాండిలు పట్టుకొని పోవు మహానుభావుల విషయమున నాకు మాటలు లేవు.

చలికి ఉన్న ఉపాయములలో నాకు అన్నింటికంటె నచ్చినది ఐరోపా పందెగాండ్రది. ఆల్పు పర్వతముల కనుమలు ఎక్కి, శిఖరమున నిలిచినవారి చేతులనుండి వార్తాపత్రిక నందుకొని, చొక్కా లోపల ఛాతీమీద పరచుకొని, అప్పుడు క్రిందికి దిగుదురు. కాగితము గాలిని ఆపును. అంతకు మించి దానినుండి కోరవలసినది లేదు. తుష్నాబాదులోను ఇది చక్కగా పనిచేయును. మా చేతికి తెలుగు పత్రిక వచ్చునప్పటికి వార్తలు చల్లబడియే యుండును. అయినను పండుగనాటి అనుబంధము గల సంచిక చాల వెచ్చన.

సైకిలు పుట్టుకయే చలితో ముడిపడి యున్నదని తలచు చరిత్రకారులు కొందరు కలరు. 1815 ఏప్రిలులో ఇండోనేషియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతము పగిలినది. అది వెడలగ్రక్కిన ధూళియు, గంధకపు ఆవిరియు ఆకాశమున వ్యాపించి సూర్యకాంతిని తగ్గించుటచే, మరుసటి సంవత్సరము ఐరోపాలో వేసవియే రాలేదు. పంటలు పోయినవి; గుఱ్ఱములకు మేత కరవైనది. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైము నగరమున కార్ల్ డ్రాయిస్ అను అధికారి, గుఱ్ఱము లేకుండ మనిషి వేగముగా పోవు ఉపాయముగా, రెండు చక్రముల కొయ్యబండిపై కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు ప్రయాణము చేసెను. పెడళ్లు లేని ఆ బండియే నేటి సైకిలునకు ముత్తాత. గుఱ్ఱముల కరవే ఆ కల్పనకు కారణమని రూఢిగా చెప్పుటకు వీలులేదని వాదించువారును ఉన్నారు. వారి వాదము వారిది. నాకు మాత్రము ఆ కథ నిజమైన బాగుండునని ఆశ. అందులో కొంత స్వార్థము కలదు. తంబోరా నిలిచిన అగ్నిపర్వతముల వరుస జావా, సుమత్రాల మీదుగా వంపు తిరిగి ఉత్తరమునకు వచ్చి, మా బ్యారన్ ద్వీపము వరకు సాగినది. దక్షిణాసియాలో నేటికిని మేల్కొని యున్న అగ్నిపర్వతము అదియొక్కటే. పోర్టు బ్లెయరునుండి ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్లు. ఐరోపాను వణకించి సైకిలును పుట్టించిన కొండకు మా దీవులు దాయాదులని చెప్పుకొనుటలో ఒక ఆనందము కలదు.

చుట్టరికము దూరమైనదైనను, సైకిలు విద్యలో మా దీవుల పేరు చిన్నది కాదు. కార్ నికోబారులో పుట్టి, 2004 డిసెంబరు 26నాటి సునామీని పసితనమున దాటి బ్రతికిన దెబోరా హెరాల్డ్ అను బాలిక, పెరిగి పెద్దదై సైకిలు పందెములలో భారతదేశమునకు ప్రతినిధి యైనది. నికోబారు బిడ్డయే యైన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులోని ఎయిగిల్ నగరమున జరిగిన ప్రపంచ కిశోర పోటీలలో కెయిరిన్ అను పందెమున వెండి పతకము గెలిచినాడు. ప్రపంచస్థాయి సైకిలు పోటీలలో భారతీయునకు దక్కిన తొలి పతకము అది. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో, ఓడర్ నది ఒడ్డున నున్న ఫ్రాంక్‌ఫర్టులో, అతడు సభ్యుడుగా నున్న కిశోర జట్టు టీమ్ స్ప్రింటు పందెమున బంగారమునే తెచ్చినది.

కెయిరిన్ పందెమును గూర్చి ఒక మాట చెప్పవలెను. అందు మొదటి చుట్లలో ఒక మోటారుబండి ముందు నడచుచు వేగమును క్రమముగా పెంచును. పందెగాండ్రు దాని వెనుక, ఒకరి వెనుక ఒకరు, చక్రమునకు చక్రము తాకునంత దగ్గరగా నడచుదురు. ముందటివాని వీపు చాటున దాగినవానికి గాలి త్రోపు మూడవ వంతు వరకు తగ్గును. బండి తప్పుకొన్న పిదప, ఎంతవరకు దాగి ఎప్పుడు బయటపడవలెనో తెలిసినవాడే గెలుచును. గాలిని ఎదుర్కొనుటలో కాదు, గాలిని మరియొకనిచేత ఎదుర్కొనజేయుటలోనే ఆ పందెపు మర్మమంతయు కలదు. పైగా ఈ ప్రపంచ పోటీలలో అది పైకప్పు వేసిన మందిరమున, కొయ్యపలకల బాటమీద జరుగును. వెలుపల మంచు కురిసినను, గాలివాన వీచినను లోపల తెలియదు. మాసములకొలది గాలియే గాలి గల దీవులలో పుట్టినవారు గాలి చొరని మందిరములలో కీర్తి గడించిరి. అది వారి ప్రతిభ. నేను దానికి చేయెత్తి మ్రొక్కుదును. కాని మా దారుల విద్యకు పందెమేదియని నాకొక వెలితి ఉండెడిది.

ఆ వెలితిని హాలండు దేశస్థులు తీర్చిరి. నేలలో కొంత భాగము సముద్రమట్టమునకు దిగువన గల ఆ దేశమున కొండలు అరుదు. కొండల పని గాలియే చేయును. 2013లో వారు ఎదురుగాలి సైకిలు పోటీ నొకదానిని ప్రారంభించిరి. సముద్రపు ఉప్పెనను ఆపుటకు జీలండు తీరమున కట్టిన మహాసేతువుమీద, 8½ కిలోమీటర్ల దూరము, ఒక్కొక్కరుగా పోవలెను. సైకిళ్లను నిర్వాహకులే ఇత్తురు, అన్నియు ఒక్కటే రకము, నిటారుగా కూర్చుండు సామాన్యమైన బరువు సైకిళ్లు, గేరులు లేవు. గాలి 7వ స్థాయికి, అనగా గంటకు సుమారు 50 కిలోమీటర్లకు, తక్కువగా ఉన్న దినమున పోటీ జరుగదు. అందుచేత తేదీని ముందుగా నిర్ణయింపరు. తుపాను సూచన చూచి, మూడు దినముల ముందు మాత్రమే ప్రకటింతురు. దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు పరుగెత్తుకొని వచ్చి, వంగి, మూల్గి, సముద్రపు తుంపరలలో తడిసి, ఆవలి కొనకు చేరి నవ్వుకొందురు. నిటారు సైకిలు, ఒక్క గేరు, ఎదురుగాలి: ఇది మా పల్లె సైకిలువాని నిత్యకృత్యము, హాలండులో దీనికి పతకము ఇచ్చుచున్నారు.

కావున ఈ ప్రసంగమును వినుచున్న దక్షిణ అండమాను యువజన సంఘములవారి యెదుట ఒక ప్రతిపాదన నుంచుచున్నాను. పడమటి తీరమునకు చేరు దారులలో ఏదైన ఒకటి, ఎనిమిది కిలోమీటర్లకు మించనిది, ఎంచుకొందము. నైరుతి గాలికి ఎదురుగా పోవు దారియై యుండవలెను. గాలి గట్టిదై యుండవలెను గాని తుపాను హెచ్చరిక ఉండరాదు. హాలండువారి 7వ స్థాయి మాకు పోకచెట్ల కారణమున తగదు, 5 చాలును. సైకిలు నల్లనిది, గేరులు లేనిది, కడ్డీబ్రేకులు గలది. లేనివారికి ఉన్నవారు అరువిత్తురు. వయస్సునకు, భాషకు, స్త్రీపురుష భేదమునకు పట్టింపు లేదు. ఒకరి వెనుక ఒకరు దాగరాదు. రెండేసి నిమిషముల ఎడముతో విడిచిపెట్టవలెను. గమ్యస్థానమున వేడి టీ, పొడితువ్వాలు సిద్ధముగా నుండవలెను. ఇవి అలంకారములు కావు, పందెము ముగిసి కాళ్లు ఆగిన మరుక్షణముననే చలి పట్టును గనుక అవసరములు. గెలిచినవారికి క్రొత్త గొలుసు ఒకటి, కుట్టుమిషను నూనె సీసా ఒకటి. తేదీ వాతావరణశాఖవారు చెప్పుదురు. ప్రవేశమునకు రుసుము లేదు. గొడుగుతో వచ్చినవారిని మాత్రము చేర్చుకొనము.